మెరేపేకా అత్త నీళ్ల తొట్లు

సర్కారు పంపిన కొలతలవాడు టిల్బరీ మా అడవిలో నాలుగు రోజులు తిరిగి, పటంలో మా మిరో చెట్ల గుట్ట మీద "ఖాళీ" అని రాసుకున్నాడు. ఆ ముక్క చదివింది నేనే. మిషనరీల బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నందుకు నాకు దక్కిన భాగ్యం అది. ఖాళీ అని రాసిన నేల ఏమవుతుందో మాకందరికీ తెలుసు. కింది లోయవాళ్ల అడవినీ అలాగే రాశారు. ఇప్పుడక్కడ గొర్రెలు మేస్తున్నాయి.

నిజం చెప్పాలంటే అతనికి కనబడింది అదే. నీళ్లకు దిగిన గువ్వలు ఉచ్చులో పడేలా చెట్లకు కట్టిన చెక్కతొట్లు ఎండి బీటలు వారాయి. ఒక్కదానికీ ఉచ్చు లేదు. దారి నిండా ఫెర్న్ మొలిచింది. కెరెరు గువ్వలు పలచబడ్డాయని మూడేళ్ల కిందట మెరేపేకా అత్త ఆ గుట్ట మీద రాహుయి పెట్టింది. నాలుగో శీతాకాలం వచ్చేదాకా అక్కడ ఒక్క పిట్టను పట్టకూడదు. మూడేళ్లుగా మేం కొవ్వులో నిల్వచేసిన గువ్వ ముఖం చూడలేదు. అతిథులకు కూడా ఈల్ చేపలూ చిలగడదుంపలూ పెట్టి సిగ్గుతో తల దించుకున్నాం. మేం నోరు కట్టుకుని కాపాడిన అడవి ఇతనికి దిక్కులేని అడవిలా కనబడింది. నాకు కడుపు మండిపోయింది.

టిల్బరీ ఇంకో వారం ఉంటాడనగా అందరం కూర్చున్నాం. హోహేపా బాబాయ్ అత్తకి తమ్ముడే గానీ ఓపికలో ఇద్దరికీ పోలిక లేదు.

"ఇంకొక్క ఏడాదే కదక్కా. రేపే ఉచ్చులు కడదాం. ఓ పది పిట్టలు తెచ్చి వాడి ముందు పడేస్తే నోరు మూసుకుంటాడు."

"నేను పెట్టింది నువ్వు తీసేదేంట్రా? తిండి మీద యావ ఉంటే ఉందని చెప్పు. అడవి పేరు చెప్పకు."

బాబాయ్ మూతి ముడుచుకున్నాడు. అత్త మాత్రం మర్నాడు పొద్దున్నే టిల్బరీని గుట్ట మీదికి లాక్కెళ్లింది. పదకొండు చెట్లు చూపించి, పదకొండు పేర్లు చెప్పింది: ఏ తొట్టి ఎవరి తాత చెక్కింది, ఏ చెట్టు మీద ఎవరి కాలు విరిగింది, అన్నీ. అతను మర్యాదగానే విన్నాడు. పేర్లు ఎవరైనా అప్పటికప్పుడు కల్పించి చెప్పొచ్చని, తను కళ్లతో చూసిందే రాస్తానని వచ్చీరాని మా భాషలో అన్నాడు. అత్త కోప్పడలేదు. నేనైతే అతను నేల కొలిచే గొలుసు లాక్కుని వాడి మెడకే చుట్టేదాన్ని.

తొట్లలో నీళ్లు పోయండని అత్త ఊరికి చెప్పింది. రాహుయి పిట్టల్ని పట్టొద్దంది గానీ దాహం తీర్చొద్దనలేదని ఆమె వాదన. ఆడా మగా అందరం సొరకాయ బుర్రలతో వాగు నుంచి గుట్టకు నీళ్లు మోశాం. పోసింది పోసినట్టే బీటల్లోంచి కారిపోయేది. మూడో రోజుకు చెక్క నాని, ఉబ్బి, కారడం ఆగింది. బాబాయ్ సణుగుతూనే నా కంటే రెండింతలు మోశాడు.

నాలుగో రోజు ఒక్క పిట్ట రాలేదు. ఐదో రోజు కాకా చిలకలు వచ్చి, తాగి, మా నెత్తిన రెట్టలు వేసి పోయాయి. టిల్బరీ నవ్వాపుకోలేకపోయాడు. నీళ్లుంటే ఏ పిట్టైనా వస్తుందని, అందులో వింతేముందని అన్నాడు. అత్త వెంటనే అతని రేకు పళ్లెం అడిగింది. అందులో నీళ్లు నింపి, తొట్టి లేని మరో మిరో చెట్టు కొమ్మల్లో అతని చేతే కట్టించింది.

"రేపు మధ్యాన్నం ఇక్కడే కూర్చో అబ్బాయ్. నీ పళ్లానికి ఎన్నొస్తాయో, నా తొట్లకి ఎన్నొస్తాయో నువ్వే లెక్కపెట్టు."

మర్నాడు కూర్చున్నాం. అవి మిరో పళ్లు మాగే రోజులు. ఆ పళ్లు మేసిన గువ్వకు గొంతు ఆరిపోతుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. గువ్వల జాడ లేదు. రాకపోతే మా గుట్ట గొర్రెలపాలే.

ముందు రెక్కల చప్పుడు వినబడింది. ఒకటి కాదు, పది కాదు. తెల్లటి పొట్టలతో, బలిసి కొమ్మలు వంగేలా, మూడేళ్లు ఎవరూ ముట్టని గువ్వలు అడవి నలుమూలల నుంచి దిగాయి. ముసలి గువ్వలు ముందు, వాటి వెనక ఉచ్చంటే తెలియని పడుచు గువ్వలు. తిన్నగా పదకొండు తొట్ల మీదే వాలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగాయి. రేకు పళ్లెం ఎండకు మెరుస్తూ ఉండిపోయింది. దాని వైపు ఒక్కటి కూడా చూడలేదు. టిల్బరీ రెండు వందల దాకా లెక్కపెట్టి ఆపేశాడు. బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

వాటికి ఈ తొట్లు ఎలా తెలుసని టిల్బరీ మెల్లగా అడిగాడు.

"మేం పొయ్యడం మానింది మూడేళ్లేగా. అంతకుముందు మా నాయనమ్మ కాలం నించీ పోశాం."

అతను పటం మోకాళ్ల మీద పరిచి, పదకొండు పేర్లూ అడిగి రాసుకున్నాడు. నేను అక్షరం అక్షరం సరిచూశాను, రెండు తప్పులు దిద్దించాను. చివర్న "ఖాళీ" మీద సన్నగా ఒక గీత గీశాడు. అత్త కాగితం మీదికి వంగి చూసింది.

"ఇంకోసారి కొట్టెయ్ అబ్బాయ్. నాకు చూపానదు."

ఈసారి పెన్సిల్ నొక్కి మరీ కొట్టేశాడు, కాగితం చిరిగేదాకా.