బొటనవేలి కింద నాడి

చిన్నకోడలి ఫారంలో ‘పిల్లలు’ అన్న గడిలో ‘లేరు’ అని రాసింది ఆమె తోటికోడలే. మూడేళ్ళలోపు బిడ్డ ఉన్నవాళ్ళను నర్సు శిక్షణకు తీసుకోరు. మొదటి ఏడాదంతా హాస్టల్లోనే ఉండాలి. వచ్చే ఏటికి చిన్నకోడలికి వయసు దాటిపోతుంది. పదో తరగతితో ఆగిపోయిన చదువుకు ఇక మిగిలింది ఈ ఒక్క దారే.

చిన్నకోడలి ఎనిమిది నెలల పాపను ఒళ్ళో వేసుకుని తోటికోడలు ఆస్పత్రి వరండాలో కూర్చుంది.

“నీ మొహం చూస్తే సూది వేసేదానిలా లేదే, వేయించుకోడానికి వచ్చినట్టుంది. కాస్త నవ్వు.”

“పాప ఏడిస్తే గేటు దాకా తీసుకెళ్ళిపో అక్కా, నీకు పుణ్యముంటుంది.”

చిన్నకోడలు లోపలికి అడుగుపెట్టగానే స్ప్రింగు తలుపు దానంతటదే మూసుకుంది. బల్ల వెనక మేట్రన్. పక్కన చెయ్యి చాపుకుని ముసలి గుమాస్తా.

“ఈయన నాడి చూసి నిమిషానికెంతో చెప్పు,” అంది మేట్రన్.

“పద్నాలుగో మనిషివమ్మా నువ్వు. మా ఆవిడ కూడా నా చెయ్యి ఇన్నిసార్లు పట్టుకోలేదు,” అన్నాడు గుమాస్తా.

ఇరవై దాకా లెక్కపెట్టిందో లేదో, బయట ఏడుపు. వెయ్యి గొంతుల్లోనైనా పోల్చుకోగల గొంతు. రొమ్ములు బిగిశాయి, జాకెట్టు తడిసింది. ఒక చేత్తో పైట లాక్కుని, రెండో చేత్తో ఆ మణికట్టును మరింత గట్టిగా పట్టుకుంది.

“నూట ఇరవై ఆరండీ.”

“అయితే నన్నిక్కడే పడుకోబెట్టెయ్యండి తల్లీ!” అన్నాడు గుమాస్తా.

మేట్రన్ నవ్వలేదు. “బొటనవేలితో నొక్కావు. దానికీ నాడి ఉంటుంది. నువ్వు లెక్కపెట్టింది నీ గుండెనే.” కలం ‘లేరు’ దగ్గర ఆగింది. “బయట ఏడుస్తున్నది నీ పాపేనా? అవునంటే ఈ కాగితం అబద్ధం, ఇక్కడితో సరి. కాదంటే మళ్ళీ చూడు. రెండు వేళ్ళతో.”

తలుపు నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది.

“కాదండీ,” అంది.

రెండు వేళ్ళు ఆనించింది. గడియారం ముల్లు మీంచి కళ్ళు తిప్పలేదు.

“డెబ్బై నాలుగు.”

మేట్రన్ టిక్కు పెట్టింది. “సోమవారం పొద్దున్నే పెట్టె సర్దుకుని రా.”

అప్పుడు చూసుకుంది, బయట ఏడుపు లేదు. ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

బయటికి వచ్చేసరికి వరండా బల్ల ఖాళీగా ఉంది. పద్నాలుగో మనిషి ఎటు వెళ్తుందో చూస్తూ మేట్రన్ గుమ్మంలో నిలబడింది. ఆమె పరుగెత్తలేదు. పైట గుండెల మీద బిగించుకుని, గేటు దాకా మామూలుగా నడిచింది.