లోపల ఏమీ లేని కావలి

నేను ఒక ఫ్లేమ్ అరెస్టర్‌ని. గ్యాసు గొట్టం మధ్యలో లావుపాటి ఇనుప డబ్బాలా కూర్చుంటాను. నా కడుపులో ముడతలు పెట్టిన ఉక్కు రేకు చుట్ట ఉంటుంది. దాని సందుల్లోంచి గ్యాసు పోతుంది. మంట వస్తే మాత్రం ఆ రేకు వేడినంతా పీల్చేసి అక్కడికక్కడే ఆర్పేస్తుంది.

గోదావరి పక్కన ఒక డిస్టిలరీలో, గ్యాసు నిలవుండే గుమ్మటానికీ బాయిలరుకూ మధ్య నన్ను బిగించారు. ఆ రోజు నుంచి స్పానరు పట్టుకొచ్చే ప్రతివాణ్ణీ అనుమానంగానే చూశాను. ఏ ప్రమాదమూ జరగని చోట మనుషులకు నాలాంటిది దండగలా కనిపిస్తుంది.

బాయిలర్ ఇన్‌చార్జి సత్తిరాజుకూ అలాగే కనిపించాను. నా సందుల్లో మడ్డి పేరుకుని గ్యాసు సరిగా అందక ఆవిరి తగ్గింది. పైనుంచి చీవాట్లు మొదలయ్యాయి. అతను విసిగిపోయి నా చుట్టను తీసి మూలన పడేసి, ఖాళీ డొల్లను మళ్ళీ బిగించేశాడు. ఆవిరి అందుకుంది. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. నేను మాత్రం బాయిలరు కింద మండే బర్నర్ వైపు చూస్తూ, ఆ మంట వెనక్కి తన్ని గుమ్మటం పేలేది ఇవాళేనా, ఇవాళేనా అని బెదురుతూ గడిపాను.

కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు వసుమతి ఒక ఉదయం నా ముందు ఆగింది. నాకు అటూ ఇటూ ఉన్న ప్రెజర్ గేజీలు రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయి. ఆమె నొసలు ముడిపడింది.

"సత్తిరాజు గారూ, దీన్నెవరైనా విప్పారా?"

"అబ్బే, లేదండీ మేడమ్ గారూ. దాని జోలికెవరెళ్తారండీ?"

"మరి గ్యాసుకి కొంచెమైనా అడ్డు తగలాలి కదండీ? లైను ఆపండి, విప్పి చూద్దాం."

"ఆపితే బాయిలరు చల్లారిపోద్దండీ!"

"గుమ్మటం దగ్గర డ్యూటీలో ఎవరున్నారు?"

"మా బామ్మర్ది అబ్బులండీ."

సత్తిరాజు అటు చూశాడు. అబ్బులు గుమ్మటం నీడలో టిఫిను డబ్బా మూత తీస్తున్నాడు. సత్తిరాజు వెళ్ళి వాల్వు కట్టేశాడు.

"విప్పక్కర్లేదండీ. నేనే తీశాను" అన్నాడు తల దించుకుని. చుట్టను తనే కడిగి, తనే నాలో పెట్టాడు.

ఆ వానాకాలంలో గొట్టం అతుకు వదులై గాలి చొరబడింది. బర్నర్ మంట వెనక్కి తిరిగి గుమ్మటం వైపు ఉరికింది. ధన్‌మని నన్ను తాకి, నా రేకుల్లో వేడి పోగొట్టుకుని ఆరిపోయింది.

"ఏంటి బావా ఆ చప్పుడు?" అని అబ్బులు పరుగెత్తుకొచ్చాడు. సత్తిరాజు అతని భుజాలు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మాడిన నన్ను తుక్కులో వేశారు. నా బదులు కొత్తది తెచ్చినవాళ్ళు, "కంపెనీ సీలుందండీ, బిగించేసుకోండి" అన్నారు.

"విప్పండి" అన్నాడు సత్తిరాజు. "లోపలేముందో నా కళ్ళతో చూడాలి."