అరనిండా మా ఆయన మొక్క

మా ఆయన పోయాక ఆయన చేత్తో నాటినది ఇంట్లో ఒకటే మిగిలింది, దగ్గు మొక్క. దాని అసలు పేరు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పడుకోబోయే ముందు ఒక ఆకు నలిపి వాళ్లమ్మ చేతిలో పెట్టేవారు. ఆ వాసన పీలుస్తూ మా అత్తయ్య నిద్రపోయేది.

మొన్నటి వానలకు దాని వేరు కుళ్లింది. కొమ్మ తుంచి నాటితే అదీ కుళ్లింది. ఆకు లేక అత్తయ్యకు కంటిమీద కునుకు లేదు. “వాడు పోయాడు, వాడి చెట్టునన్నా ఉంచలేకపోయావు” అని నన్ను ఆడిపోసుకునేది.

నేను పనిచేసేది మందుమొక్కలను సీసాల్లో పెంచే ల్యాబులో. మొదట్లో సీసాలు కడిగేదాన్ని. అక్షరాలు వచ్చాక చీటీలు రాసి అంటించే పని ఇచ్చారు. ఆ మొక్క ఉన్న కుండీని చంకన పెట్టుకుని మా మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమె ముక్కూ నోరూ కప్పుకుని, చేతులకు స్పిరిట్ రాసుకుని, కొమ్మ కొసన పచ్చగా ఉన్న మొగ్గను బియ్యపుగింజంత కోసింది. దాన్ని సీసాలో జావలాంటి తిండి మీద కూర్చోబెట్టింది. మిగతాదంతా చెత్తబుట్టలో వేసింది.

నేను బుట్టలోకి వంగి చూశాను. “మొక్కను పారేశారేంటి మేడమ్?”

“మొక్క ఇదిగో, సీసాలో ఉంది.”

“మరి బుట్టలోది?”

“అది కుళ్లు.”

చీటీ రాయమంది. పేరు తెలియదు కాబట్టి ‘మా ఆయన మొక్క’ అని రాశాను.

మొగ్గ పిలకలు వేసింది. వాటిని విడదీసి వేరే సీసాల్లో పెట్టారు. అవీ పిలకలు వేశాయి. చూస్తుండగానే సీసాలు పెట్టే అరంతా నిండిపోయింది. అన్నింటికీ అదే చీటీ. అక్కడే సీసాలు కడిగే మా తోడికోడలు అర వైపు చూసి కిసుక్కున నవ్వింది.

“ఒక్కడితోనే వేగలేనని గోలపెట్టేదానివి కదక్కా. ఇప్పుడు ఇంతమందిని ఎలా ఏలుకుంటావు?”

నవ్వొచ్చింది కానీ దిగులూ వేసింది. మేడమ్‌ను అడిగాను. “వీటిలో మొదటి మొగ్గ ఏదండీ?”

“విడదీస్తూ వచ్చాం కదమ్మా. అన్నింట్లోనూ అదే.”

“కొంచెం కొంచెమా?”

“కొంచెం కాదు. అన్నింట్లోనూ మొత్తం.”

ఎంత ఆలోచించినా నా బుర్రకెక్కలేదు.

వేళ్లు వచ్చాక ఒక మొక్కను ఇంటికి తెచ్చుకున్నాను. జావ కడిగి, కొబ్బరిపొట్టులో నాటి, ప్లాస్టిక్ కవరు కప్పాను. అది గాలి ఎరగని మొక్క, కవరు కాస్త కాస్తగా తెరవాలి. అత్తయ్య ఆగితేగా. “మూతేసి ఉంచితే ఊపిరెలా ఆడుతుంది దానికి?” అంటూ నేను పనిలో ఉండగా కవరు పీకేసింది. నేను వచ్చేసరికి మొక్క తల వాల్చేసింది.

ఏడుస్తూ వెళ్లి చెప్పాను. “పోయింది మేడమ్.”

“ఎక్కడికి పోయింది? అరలో ఉందిగా. ఇంకోటి తీసుకెళ్లు.”

పోయిందని ఏడవాలో, ఉందని ఊరుకోవాలో తెలియక ఇంకో సీసా పట్టుకొచ్చాను.

ఇది నిలబడింది. ఆకు నలిపి ఇస్తే అత్తయ్య మొహం చిట్లించింది. “ఇది మావాడి చెట్టు కాదు. ఆస్పత్రి వాసనొస్తోంది.”

నేనూ వాసన చూశాను. నిజమే, స్పిరిట్. అది ఆకుదో, నా చేతిదో అర్థం కాలేదు. చేతులు సబ్బుతో రుద్ది కడిగినా అదే వాసన. చివరికి కుండీని మంచం పక్కకు జరిపాను. “మీరే తుంచుకోండి అత్తయ్యా.”

ఆమె కాడను తడిమింది, ఆకుల అంచులు తడిమింది. ఒకటి తుంచి నలిపి చాలాసేపు ముక్కుదగ్గర పెట్టుకుంది.

“కాదు,” అంది.

ఆకును గుప్పిట్లో పట్టుకునే నిద్రపోయింది.

మరునాడు మేడమ్ అడిగింది. “ఏమన్నారు మీ అత్తయ్య?”

“కాదంది.”

“పడుకున్నారా?”

“గుర్రు పెట్టి పడుకుంది.”



ఆ రాత్రి కూడా అత్తయ్య కుండీ కోసం చేయి చాపింది. ఆకు తుంచుకుంది, వాసన చూసింది, కాదంది. తోడికోడలు ఊరుకోలేక అడిగేసింది. “కానప్పుడు మళ్లీ ఎందుకత్తయ్యా పట్టుకోవడం?”

“అసలుది వచ్చేదాకా ఇది ఉండనీవే,” అంటూ అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది.

అసలుది ఎక్కడినుంచి రావాలో అడుగుదామనుకున్నాను. అప్పటికే ఆమెకు నిద్రపట్టేసింది.