ముప్పై ఏడు వడపోత కాగితాలు

గిన్నెలు తోమి బోర్లిస్తున్న కోడలితో అత్తగారు, "కంటికి కనపడని పురుగుల కోసం కట్టుకున్నవాణ్ని వదిలి రెండు నెలలు ఓడెక్కి పోయే ఆడదాన్ని నిన్నే చూశానమ్మా" అన్నారు. కోడలు తర్వాతి గిన్నె అందుకుంది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో నోరు మూసుకోవడం కూడా ఆమె చేసే పనుల్లో ఒకటి.

ఆ రెండు నెలల్లో ధ్రువ సముద్రపు మంచు కింద నుంచి ఆమె తోడిన నీళ్లలోని సూక్ష్మజీవులు ముప్పై ఏడు వడపోత కాగితాల మీద నిలిచాయి. అరచేతిలో ఇమిడే ఆ కాగితాల్ని ప్రయోగశాల ఫ్రీజర్లో, మైనస్ ఎనభై డిగ్రీల్లో దాచింది. పదమూడింటి డీఎన్ఏ చదివేసరికే కళ్లు తిరిగాయి. అంత చలిలో ఏం బతుకుతుందిలే అనుకున్న నీళ్లలో, ఇంతవరకూ ఎవరూ చూడని వంశాలు వందలకొద్దీ ఉన్నాయి. చలికి ఓర్చుకోవడం ఒక్కోటీ ఒక్కో దారిలో నేర్చుకుంది. ఇంట్లో ఆ సంగతి చెప్పబోతే భర్త టీవీ సౌండు పెంచాడు.

రెండో ప్రయాణానికి ఆమె పేరు ఖాయమైన రోజు మాత్రం టీవీ కట్టేశాడు. రానని ఫోన్ చేసి చెప్పమన్నాడు. చెప్పనంది. కుడి మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. మెట్ల మీద జారానని చెప్పాలంటూ ఆసుపత్రి దాకా అత్తగారు దారి పొడవునా నూరిపోశారు. ఆమె అలాగే చెప్పింది. చెప్పాక, విరిగిన చోటు కంటే నాలుకే ఎక్కువ మండింది.

నాలుగో రోజు కట్టుతోనే పనిలోకి వెళ్లింది. మధ్యాహ్నం భర్త అక్కడికి వచ్చాడు. నవ్వు మొహంతో ప్రయోగశాల పెద్ద మేడమ్‌ను పలకరించి, భార్యకు విశ్రాంతి కావాలి, ఇంటికి తీసుకెళ్తానన్నాడు. మేడమ్ సెలవు కాగితాల కోసం పక్క గదిలోకి వెళ్లగానే ఫ్రీజర్ తెరిచాడు. ఆమె పేరు రాసి ఉన్న కాగితాల పెట్టెను సింకులో బోర్లించి వేడినీళ్ల కుళాయి తిప్పాడు.

"పోయాయిగా. ఇక పద" అన్నాడు.

ఆవిరిలో అవి ముడుచుకుపోవడం ఆమె చూసింది. ఎడమచేతికి అందిన ఇనుప స్టాండు ఎత్తి అతని మూతి మీద కొట్టింది. అతను చెయ్యెత్తేలోపు మళ్లీ కొట్టింది. గోడవారన కూలబడ్డాడు. రక్తంతో పాటు ఓ పన్ను నేల మీద పడింది. ఆమె కుళాయి కట్టేసి, పోలీసులకు ఫోన్ చేసింది.

వచ్చిన ఇన్‌స్పెక్టర్‌తో అతను రుమాలు చాటు నుంచి, ఇది మొగుడూపెళ్లాల గొడవ, ఇంట్లో చూసుకుంటామని గొణిగాడు. ఇన్‌స్పెక్టర్ పుస్తకం మూయబోయాడు.

"మూయకండి" అందామె. "నా చెయ్యి విరిచింది ఈయన. ఈయన పన్ను రాలగొట్టింది నేను. రెండూ రాసుకోండి."