డార్జిలింగుకి అడ్డొచ్చిన చెవులు

పూజా సెలవులు దగ్గర పడ్డాయంటే కలకత్తా భవానీపూర్‌లో ఆ ఇంటి మెట్ల మీద ఒకటే ప్రశ్న: "ఈసారి ఎక్కడికి?" బెంగాలీవాళ్ళకి అజీర్ణం తర్వాత అంత ఇష్టమైన కబురు ప్రయాణమే. పై వాటావాళ్ళు సిమ్లా, పక్క వాటావాళ్ళు పూరీ, ఎదురింటివాళ్ళు, విడ్డూరం కాకపోతే, వైజాగ్. పిట్టగోడల మీద మంకీ క్యాపులు ఎండలో ఆరుతుంటాయి. జ్ఞానప్రసూన మాత్రం ఏటా ఒకే జవాబు చెప్పేది. "మా ఊరు." అది విని ఆడవాళ్ళంతా జాలిగా తలలూపేవారు.

ఆ జాలిలో తప్పేమీ లేదు. పెళ్ళయింది మొదలు, బ్యాంకువాళ్ళు ఆవిడ భర్త రఘురాంకి ఇచ్చిన ప్రతి సెలవూ బొబ్బిలిలో ఎవరిదో ఒకరి పెళ్ళికో బారసాలకో హారతి కర్పూరమైపోయింది. వెళ్ళడం, వంటింట్లో దూరడం, ఊరందరికీ వడ్డించడం, నడుం పట్టుకుని తిరిగి రావడం. దాన్ని సెలవనడం సెలవుకే అవమానం. ఈ ఏడు ఆవిడ పట్టుబట్టింది. డార్జిలింగ్ వెళ్ళాల్సిందే. బంధువన్నవాడు ఒక్కడూ లేని ఊరు. పొద్దున్నే ఇంకెవరో కాఫీ పెట్టి తెచ్చిస్తే, శాలువా కప్పుకుని మంచుకొండని చూస్తూ తాగాలి. కోరిక చిన్నదే గాని ఆవిడ ప్రాణమంతా దాని మీదే ఉంది. పైగా వచ్చే ఏడు బదిలీ తప్పదంటున్నారు. కలకత్తా వదిలాక డార్జిలింగ్ ఎక్కడ, తామెక్కడ?

అత్తగారు మహాలక్ష్మమ్మ కూడా మొదట సంబరపడిపోయింది. "హిమాలయం అంటే పరమేశ్వరుడి అత్తారిల్లు కాదేటే! పద, చూసీసొద్దాం" అంది. కోడలు లోడ్‌షెడ్డింగ్‌లో కొవ్వొత్తి పెట్టుకుని మరీ ఆవిడకో మంకీ క్యాప్ అల్లింది.

ఇక భోంబల్ సంగతి. భోంబల్ కుక్క. అలా ఒక్క ముక్కలో తేల్చేస్తే అన్యాయమవుతుంది. గ్రేట్ డేన్ జాతిది, నిలబడితే భోజనాల బల్ల మీద ఏముందో మెడ సాచకుండా చూడగలదు. రఘురాం పై అధికారి పోయిన శీతాకాలంలో రిటైరై వెళ్ళిపోతూ, కన్నీళ్ళు పెట్టుకుని మరీ అప్పగించి వెళ్ళాడు. రఘురాంకి పెద్ద కుక్కలంటే పిచ్చి. "చిన్న కుక్కలు కుక్కలు కావు, కాలింగ్ బెల్లులు" అంటాడు. కింద వాటాలో ఉండే ఇంటి యజమాని హల్దార్ బాబుదీ అదే పిచ్చి. రోజూ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, భోంబల్ ఎలా పడుకున్నాడు, ఏం తిన్నాడు, కడుపు సాఫీగా ఉందా అని ఆరా తీసి, తన కీళ్ళవాతం కబురూ తమ్ముడి కోర్టు కేసు కబురూ వినిపించి, టీ తాగి దిగిపోతాడు.

ఆ ఇంట్లో భోంబల్ గిట్టనిది మహాలక్ష్మమ్మ ఒక్కర్తికే. దాని తోక తగిలితే తలారా స్నానం చేసేది. పేరు పెట్టి పిలిచేది కాదు, "ఆ జంతువు" అనేది. మధ్యాహ్నం మాత్రం "మిగిలిపోయింది, పారబోయడమెందుకు?" అని దాని గిన్నెలో దూరం నుంచి పెరుగన్నం వేసేది. ఆ మిగులు నానాటికీ పెరిగిపోవడమూ, అందులో పెరుగు ఏ రోజుకారోజు కమ్మగా ఉండడమూ జ్ఞానప్రసూన కనిపెట్టింది. అత్తగారి వంటింటి లెక్కలు మనకెందుకని ఊరుకుంది.

ప్రయాణంలో భోంబల్‌ని చూసుకుంటానని హల్దార్ బాబు జ్ఞానప్రసూనని వదినగారి వరస కలిపి మాటిచ్చాడు. "మీరు నిశ్చింతగా వెళ్ళిరండి బౌదీ. రోజూ చేపా అన్నం. మీరు పులస అంటారే, ఆ ఇలిష్ తలకాయలు కూడా పెడతాను" అన్నాడు. మహాలక్ష్మమ్మ మొహం మాడిపోయింది. చేప మాట చెవిన పడినందుకే కాబోలనుకున్నారంతా.

బయలుదేరే రోజు సాయంత్రం టాక్సీ వచ్చింది. పెట్టెలు గుమ్మం దాకా చేరాయి. జ్ఞానప్రసూన కుడికాలు ఎత్తింది. అంతలో వెనక వరండాలోంచి టపటపటపమని చప్పుడు. భోంబల్ తన చేటంత చెవుల్ని దులుపుకుంటున్నాడు.

"ఆగండర్రా!" అంటూ మహాలక్ష్మమ్మ లోపల్నుంచి వచ్చింది. "కుక్క చెవులు దులిపింది. ఇదేటి శకునం? కూచోండి, కూచోండి."

ప్రయాణం వేళ కుక్క చెవులు టపటపలాడిస్తే కీడు. కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి లేవాలి. ముచ్చటగా మూడుసార్లూ అదే జరిగితే ప్రయాణం మానుకోవాలి. జ్ఞానప్రసూన వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. శకునాలు నమ్మదు. కాని ఆ చప్పుడు విన్నాక ఆవిడ కాలు మాత్రం గడప దాటనంది. కూర్చున్నారు, తాగారు, లేచారు. టపటప. మళ్ళీ కూర్చున్నారు, తాగారు, లేచారు. టపటపటప. నీళ్ళతో కడుపులు నిండాయి గాని, సియాల్దా స్టేషన్లో రైలు వాళ్ళు లేకుండానే కదిలిపోయింది.

మర్నాడు మెట్ల మీద అందరికీ జవాబు చెప్పుకునేసరికి జ్ఞానప్రసూనకి తల ప్రాణం తోకకొచ్చింది. హల్దార్ బాబు నొచ్చుకుని పశువుల డాక్టర్ని పిలిపించాడు. చెవులు లక్షణంగా ఉన్నాయని డాక్టరు టీ తాగి వెళ్ళాడు. రఘురాం ఎవరెవరినో పట్టుకుని, పై వారానికి మళ్ళీ టిక్కెట్లు సంపాదించాడు. "ఇదే ఆఖరు. ఇది తప్పితే సెలవు మురిగిపోయినట్టే" అన్నాడు.

రెండోసారి జ్ఞానప్రసూన ముందుజాగ్రత్త పడింది. తన మంకీ క్యాప్ తీసి భోంబల్ తలకి తొడిగేసింది. అందులోంచి మూతి ఒక్కటీ బయట పెట్టి, వాడు అచ్చం పూజా సెలవులకి బయలుదేరిన బెంగాలీ బాబులా కూర్చున్నాడు. టాక్సీ డ్రైవరు కిందనుంచి హారన్ మీద హారన్ కొడుతున్నాడు. హాజ్రా వైపు నుంచి ఎర్రజెండాల ఊరేగింపు వస్తోందట, వీధి మూసేస్తారట. పెట్టెలెత్తారు. టపటపటప!

"టోపీ ఎవరు తీశారు?" అని అరిచింది జ్ఞానప్రసూన.

"నానే తీసేను. ఊపిరాడొద్దేటి?" అంది మహాలక్ష్మమ్మ. "కూచోండి, కూచోండి."

నీళ్ళు తాగారు, లేచారు. ఈసారి గ్యాసు కట్టానో లేదోనని జ్ఞానప్రసూన వంటింట్లోకి పరిగెత్తింది. కిటికీలోంచి వెనక వరండా కనిపిస్తుంది. ఆవిడ చూసింది, చూసి అలాగే నిలబడిపోయింది.

అత్తగారు భోంబల్ ముందు గొంతుక్కూర్చుంది. దేవుడి దీపానికి చేసుకున్న దూది వత్తి ఒకటి చేతిలో ఉంది. దాని కొసతో ఆ పెద్ద చెవిలో సుతారంగా గిలిగింతలు పెడుతోంది.

"దులుపు నాయినా, ఒక్కసారి దులుపీ. ఆ హల్దారు చేపముళ్ళు పెట్టీస్తాడురా నీకు, గొంతుకడ్డం పడితే ఎవరు తీస్తారు? మద్దేన్నం పెరుగన్నం తినకపోతే నీకు నిద్దరట్టదు కాదా. కొండలకేటి, ఎక్కడికీ పోవు." గొంతు తగ్గించి అంది. "నువ్వుండినా నేనుండలేనురా భోంబలూ."

జ్ఞానప్రసూనకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ ఆశని ఒక్క దూది వత్తితో ఆర్పేసిన మనిషి! అక్కడికక్కడే నిలదీద్దామని నోరు తెరిచింది. కాని 'భోంబలూ' అన్న ఆ పిలుపు చెవిలోనే ఉండిపోయింది. కోపం సగంలోనే నవ్వైపోతే కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు బయట పెడితే అత్తగారు మళ్ళీ తలెత్తి చూడలేదు. పోనీ ఉండిపొమ్మంటే, కుక్క కోసం ఉండిపోయిందన్న మాట పడలేక ఆవిడే ముందు టాక్సీ ఎక్కేస్తుంది. భోంబల్ చెవులు మోగాయి. జ్ఞానప్రసూన చప్పుడు చెయ్యకుండా హాల్లోకి వచ్చేసింది.

రఘురాం పెట్టె మీద చతికిలబడ్డాడు. "ఇంక ఈ జన్మకి డార్జిలింగ్ లేదు" అన్నాడు.

మహాలక్ష్మమ్మ ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడింది. జ్ఞానప్రసూన ఆవిడ వైపు తిరిగింది.

"అత్తయ్యా, మా అమ్మమ్మ ఒక మాట అనేది. శకునం అడ్డొస్తే అది బయలుదేరేవాళ్ళలో పెద్దవాళ్ళకేనట. వాళ్ళు ఆగిపోతే మిగతావాళ్ళకి దోషం ఉండదట."

ఆ అమ్మమ్మ జన్మలో అలాంటి మాట అనలేదు. పంచాంగం నోటికి వచ్చిన మహాలక్ష్మమ్మకి అలాంటి శాస్త్రం లేదని తెలుసు. కోడలి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. చేతిలోని వత్తిని నెమ్మదిగా చెంగు కింద దాచుకుంది.

"ఉంది, ఉంది. ఎక్కడో ఉంది. మా నాన్నగారూ అనీవారు" అంది.

"ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా? నీకు భాష కూడా రాదు" అన్నాడు రఘురాం.

"ఎవరితో మాట్లాడాలేటి? కింద హల్దారు ఉన్నాడు కాదా."

"మరి భోంబల్?"

"ఆ జంతువుకేటి, ఓ మూల పడుంటుంది. చేపల మాట మాత్రం వద్దని ఆ హల్దారుతో చెప్పీసి వెళ్ళండి."

అందరూ మెట్ల మీదికి వచ్చారు. హల్దార్ దంపతులు "దుగ్గా, దుగ్గా" అంటూ ప్రయాణం క్షేమంగా సాగాలని దుర్గమ్మకి చేతులు జోడించారు. మహాలక్ష్మమ్మ మడిచీరలో గుమ్మం పక్కన నిలబడింది, భోంబల్‌కి బారెడు దూరంలో. జ్ఞానప్రసూన కుడికాలు ఎత్తింది.

సరిగ్గా అప్పుడు భోంబల్ తల వంచాడు. ఈసారి ఎవరూ ఏమీ చెయ్యలేదు. అంతసేపు వత్తి పెట్టి కెలికితే ఎవరి చెవికైనా దురద పుట్టదా? మెడ ఒక పక్కకి తిరిగింది, చెవులు లేస్తున్నాయి. ఆ చప్పుడు వినపడిందంటే మూడోసారి. దానికి విరుగుడు చెప్పడానికి జ్ఞానప్రసూనకి ఇంకో అమ్మమ్మ లేదు. ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది.

మహాలక్ష్మమ్మ ఒక్క ఉరుకు ఉరికింది. మడి మంటగలిసింది. ఆ రెండు చెవుల్నీ రెండు చేతులా అదిమి పట్టి, అంత పెద్ద తలనీ కడుపుకి హత్తుకుంది. మెట్ల మీద అందరూ నోళ్ళు తెరిచారు. రఘురాం చేతిలో సంచీ జారిపోయింది.

"ఏటలా గుడ్లప్పగించి చూస్తారు?" అని కసిరింది ఆవిడ. భోంబల్ విడిపించుకోబోతుంటే ఇంకా గట్టిగా పట్టుకుంది. "ప్రసూనా, నువ్వు ఆగకే! చెవులు నేను పట్టుకునే ఉంటాను. మీ బండి మలుపు తిరిగీదాకా వదల్ను. వెళ్ళు తల్లీ, వెళ్ళు!"