ఒక్క పూట సాయం

తల్లి పోయేనాటికి పెద్దదానికి పదహారేళ్లు, చిన్నదానికి నాలుగు. అప్పుడు పెద్దది ఆసుపత్రి లాండ్రీలో పనికి చేరి, ముప్పయ్యేళ్లు రోగుల దుప్పట్లు ఉతికి చెల్లెల్ని చదివించింది. పెళ్లి ఊసెత్తిన వాళ్లంతా ఎత్తెత్తి అలిసిపోయారు. బంధువులు ఆమెను "గానుగెద్దు" అని పిలిచేవారు. మెచ్చుకోలే అనుకుని ఆమె కూడా నవ్వేది.

చెల్లెలు ఇప్పుడు మనసులకు వైద్యం చేస్తోంది. అడవి అంచున శిబిరాలు పెట్టి, చెట్ల కింద జనాన్ని కూర్చోబెట్టి, ప్రకృతి ఒడిలో తమను తాము ప్రేమించుకోవడం నేర్పుతుంది. అక్క లాండ్రీలో కళ్లు తిరిగి పడిపోయిందని తెలిసి ఫోన్ చేసింది.

"మూడ్రోజులు నా దగ్గరికి రా అక్కా. నీకోసం నువ్వు బతకడం నేర్చుకుందువుగాని."

ఆ మాటకే పెద్దది లాండ్రీలో సెలవు పెట్టింది. కొత్త చీర కట్టుకుని వెళ్లింది.

వెళ్లిన పూటే వంటవాడు జ్వరమని వెళ్లిపోయాడు. "ఈ ఒక్క పూట చూడవే అక్కా, నా తల్లివి కదూ," అంది చెల్లెలు. ఒక్క పూట మూడ్రోజులైంది. అందరూ చెట్లను కావలించుకుంటుంటే ఆమె ముప్పైమందికి గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూసింది.

చివరిరోజు మధ్యాహ్నం పొయ్యిమీద అన్నం ఉడుకుతుండగా చెట్ల కింద సభలోకి పిలుపొచ్చింది. గరిటె చేతిలో ఉండగానే వెళ్లింది.

చెల్లెలు ఆమెను అందరికీ చూపించింది. "మా అక్క. ఇంతదూరం వచ్చి కూడా వంటింట్లోంచి బయటికి రాలేదు. తనని తాను ప్రేమించుకోవడం రాని మనిషి ఎలా ఉంటుందో చూడండి."

ముప్పై జతల కళ్లు జాలిగా చూశాయి.

"వంటవాడు లేడని నువ్వే కదే వంటింట్లోకి పంపావు?"

"చూశారా, కోపం! లోపలున్నదంతా బయటికొస్తోంది. రానివ్వక్కా."

జనం చప్పట్లు కొట్టారు. ఆమె గరిటె అక్కడే గడ్డిమీద పెట్టి, వెనక ఉన్న ఏటికి నడిచింది. కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. బ్లీచింగ్ నీళ్లకు పగిలిన మడమలు చురుక్కుమన్నాయి. ఏరు ఆమెనేమీ అడగలేదు. తనతో తానొక మంచి మాట చెప్పుకోవాలని చూసింది. ఒక్కటీ దొరకలేదు. చిన్నదాన్ని నిద్రపుచ్చుతూ అన్న మాటలే గుర్తొచ్చాయి.

"నా బంగారమే, పడుకో," అంది తన చేతుల్ని నిమురుకుంటూ. ఎవరి రవికో తొడుక్కున్నంత ఎబ్బెట్టుగా ఉంది. అయినా మళ్లీ అంది. అప్పుడు ఏడుపొచ్చింది.

చెల్లెలు పరుగున వచ్చింది. "అన్నం మాడుతోంది! అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు."

"దింపుకో."

"నాకేం తెలుసే వంట?"

"నేర్పలేదు. తప్పు నాదే."

"ఇంత స్వార్థం ఎప్పట్నుంచే నీకు?"

పెద్దదానికి ఆ మాట బాగా గుచ్చుకుంది. లేచి వెళ్లి అన్నం దింపితే బాగుండునని కాళ్లు చెబుతూనే ఉన్నాయి. వాటిని నీళ్లలోంచి తియ్యలేదు.

సాయంత్రం బస్సుకి వచ్చేసింది. నాలుగు నెలలుగా చెల్లెలు ఫోన్ చెయ్యలేదు, ఆమె కూడా చెయ్యలేదు. సెలవురోజున ఊరి చెరువుగట్టు మీద ఊరికే కూర్చుంటోంది. ఎప్పుడైనా ప్రాణం తేలిగ్గా ఉంటుంది. చాలాసార్లు ముప్పయ్యేళ్లూ కడుపులో మండుతాయి. ఆ మంటతోనే చీకటి పడేదాకా కూర్చుని ఇంటికెళ్తుంది.