మ్యాట్నీలో పెళ్ళికొడుకు

మా వైపు, పిల్లను చూడడానికి వాళ్ళు రాకముందే మనం పోయి వాళ్ళ పిల్లవాణ్ణి చూసి రావాలి. అదీ వాడికి తెలియకుండా. తాగుతాడా, పేకాడతాడా, పెద్దవాళ్ళతో ఎట్లా మాట్లాడతాడు అని టీ అంగట్లో కూర్చుని విచారించాలి. దీన్ని ఎవరూ తప్పు పట్టరు. విచారించకుండా పిల్లనిస్తేనే తప్పంటారు.

మా అమ్మాయి అశ్వితకు ఆత్మకూరు సంబంధం వచ్చినప్పుడు ఆ పని నా మీద పడింది. పిల్లవాడి పేరు పవన్, వ్యవసాయ శాఖలో ఉద్యోగం. సంబంధం తెచ్చిన శీనయ్య ఫోటో ఇచ్చాడు. రెండో శనివారం సెలవు కాబట్టి ఊళ్ళోనే దొరుకుతాడని, ఉదయగిరిలో నా పూజాసామాన్ల అంగడికి తాళం వేసి పొద్దున్నే బస్సెక్కాను. శనివారం నాకు ఒక్కపొద్దు. ఇరవై ఏళ్ళుగా వెంకటేశ్వరస్వామి పేరున సాయంత్రం దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను.

ఆత్మకూరులో షావలి ఆటో తోలుతాడు. చిన్నప్పుడు ఉదయగిరిలో నాతో చదువుకున్నవాడు. ఫోటో చూపిస్తే గంటలో కనిపెట్టాడు.

“మల్లన్నా, నీ అల్లుడు సినిమా హాల్లోకి పోతా ఉండాడు. ఒక్కడే.”

“ఇంకా అల్లుడు కాలేదురా.”

“పద, మనమూ పోదాం. ఏం సినిమా చూస్తాడో చూస్తే మనిషేందో తెలుస్తది.”

పెద్ద హీరో సినిమా వాయిదా పడితే, హాలు ఖాళీగా పెట్టలేక ఏదో డబ్బింగ్ బొమ్మ వేశారట. పోస్టరు మీద ఒక రైలు, ఒక చిన్నపిల్ల. దయ్యాల సినిమా అని షావలి తేల్చేశాడు. మేం పవన్ వెనక వరుసలో కూర్చున్నాం. తెర వైపు చూడకూడదని, పిల్లవాడి మెడ వైపే చూడాలని గట్టిగా అనుకున్నాను. ఒక్కపొద్దు నాడు సినిమాకొచ్చిన పాపం కొంతైనా తగ్గుతుంది కదా.

అది దయ్యాల సినిమా కాదు. హిట్లర్ కాలం నాటి కథ. ఒక తల్లిని, ఎనిమిదేళ్ళ కూతురిని గూడ్సు రైల్లోకి తోసి, చుట్టూ ముళ్ళకంచె ఉన్న చోటికి తోలుకుపోయారు. వాళ్ళు చేసిన తప్పేమిటా అని మొదటి అరగంట వెతికాను. యూదులుగా పుట్టడమే తప్పని తెలిశాక పిల్లవాడి మెడ సంగతి మరిచిపోయాను.

రోజుకు ఒక్క రొట్టెముక్క ఇస్తారు. తల్లి దాన్ని దారంతో రెండుగా కోసి, రెండూ కూతురికే పెడుతుంది. “నేను తినేశాను” అంటుంది. నా చిన్నతనంలో వానలు పోయిన ఏడు మా అమ్మ కూడా సంగటి ముద్ద మాకు పెట్టి ఇదే మాట అనేది. స్వామీ, సాయంత్రం ఇడ్లీలు సిద్ధంగా ఉంటాయని తెలిసి నేను చేసేది ఉపవాసమా, ఆ తల్లి చేసేదా? నువ్వు ఏది లెక్కలోకి తీసుకుంటావు? మనసులోనే అడిగాను.

హాల్లో ముప్పై మంది కూడా లేరు. మొదట్లో ఈలలు వేసినవాళ్ళు ఎప్పుడు ఆపారో తెలియదు. కాపలావాడు ఒక ముసలాయన్ని తన్నినప్పుడు షావలి లేచి నిలబడి, “నీ కాళ్ళు ఇరగ! నీకు నాయన లేడంట్రా?” అని తెర మీదికి అరిచాడు. ఎవరూ నవ్వలేదు. ఇంటర్వెల్లో సమోసా ఒక్కటంటే ఒక్కటి అమ్ముడుపోలేదు. “ఇదేం బొమ్మ తెచ్చినారయ్యా, మనుషుల నోట్లోకి ముద్ద పోనీకుండా” అని సమోసాలాయన గేటు దగ్గర గొణుక్కుంటున్నాడు.

తల్లి చనిపోయినప్పుడు పవన్ కదల్లేదు, మెదల్లేదు. రాతిగుండె అనుకున్నాను. చివర్లో సైనికులొచ్చి కంచె తెంచారు. ఒకాయన ఆ పిల్ల చేతిలో ఒక నిండు రొట్టె పెట్టాడు. ఆ పిల్ల దాన్ని రెండుగా విరిచి, ఒక ముక్క ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూసింది. అంతే, పవన్ భుజాలు అదిరిపోయాయి. వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, షావలీ ఏడ్చాడు. నాకు ఎక్కిళ్ళు పట్టుకుంటే పవన్ వెనక్కి తిరిగి, “తాగండి పెద్దాయనా” అంటూ నీళ్ళసీసా ఇచ్చాడు. తాగి, పేరడిగేలోపల బయటపడ్డాను.

ఇల్లు చేరేసరికి నా కళ్ళు పండుమిరపకాయల్లా ఉన్నాయి. మా ఆమె సుధారాణి గుమ్మంలోనే నిలేసింది.

“ఏమయ్యా, కళ్ళేంది అట్టుండాయి?”

శనివారం పూట మ్యాట్నీకి పోయి ఏడ్చానని ఎట్లా చెప్పను? “ఆ పిల్లోడికి కళ్ళకలక. దగ్గరగా చూసినా కదా, నాకూ అంటుకునింది” అన్నాను. అంటుకున్న మాట మటుకు నిజమే.

మర్నాడు పొద్దున ఆమె ఆ మాట వింజమూరులో ఉన్న వాళ్ళక్క కామాక్షమ్మకు ఫోన్లో చెప్పింది. మధ్యాహ్నానికి కళ్ళకలక కంటిజబ్బయింది. సోమవారం వరికుంటపాడు నుంచి మా బామ్మర్ది, “బావా, చీకటి పడితే చూపు ఆనదంట కదా, బండెట్ల తోలతాడు?” అని అడిగాడు. మంగళవారం శీనయ్యే అంగడికి వచ్చాడు.

“పిల్లోడి కళ్ళు బాగలేవని చెప్పిందెవరు మల్లన్నా? వాళ్ళమ్మ ఒకటే బాధ. బేస్తవారం లోపల ఏ మాటా చెప్పకపోతే వేరే సంబంధం చూసుకుంటారంట.”

అంత మంచి పిల్లవాణ్ణి నా కళ్ళారా చూసి, నా నోటితో నేనే చెడగొడుతున్నాను. ఆ సాయంత్రం దీపం పెట్టాక, దేవుడి గదిలోనే సుధారాణికి, అశ్వితకు జరిగింది చెప్పేశాను.

సుధారాణి కాసేపు నన్ను, కాసేపు స్వామి పటాన్ని చూసింది. “ఒక్కపొద్దు నాడు సినిమా. దాని మీద అబద్ధం. ఇరవై ఏళ్ళ పుణ్యం ఒక్క మ్యాట్నీకి పాయె” అంది. తర్వాత, “సరే, కళ్ళు బాగుండాయి. సినిమాకి ఏడ్చే మొగోడేందయ్యా? రేపు మిక్సీ చెడిపోయినా ఏడుస్తాడు.”

అశ్విత నవ్వలేదు. అది వింజమూరులో ఒక బడిలో సోషల్ చెబుతుంది. “ఏ సీనుకు ఏడ్చినాడు నాయనా?” అని అడిగింది.

రొట్టె విరిచిన సంగతి చెప్పాను.

“తల్లి చచ్చిపోయినప్పుడు కాదా?”

“కాదు.”

“అయితే నేనూ చూడాల. చూసినాకే ఏ మాటైనా.”

బుధవారం ముగ్గురం మ్యాట్నీకి పోయాం. సుధారాణి రైలెక్కించే సీనుకే కొంగు నోట్లో కుక్కుకుంది. రొట్టె సీనుకు ఆమె ఏడ్చిన ఏడుపుకు గేటు మనిషి లోపలికొచ్చి చూసిపోయాడు. అశ్విత కంట్లో మాత్రం ఒక్క చుక్క లేదు. నాకు కొత్త దిగులు పట్టుకుంది. ఇప్పుడు వాళ్ళు మనల్ని విచారిస్తే? పిల్లది రాతిగుండె అని వద్దంటే?

తిరుగు బస్సులో అడిగాను. “నీకు ఏడుపు రాలేదామ్మా?”

“తొమ్మిదో తరగతిలో ఇది ఐదు మార్కుల ప్రశ్న నాయనా. ఏటా నేనే కారణాలు రాయించినా, పిల్లలు బట్టీ కొట్టినారు. అందులో ఆ పిల్ల ఎక్కడుండాదా అని వెతుకుతా ఉన్నా. యాడా లేదు.”

సుధారాణి ముక్కు చీదడం ఆపింది.

“ఆదివారం రమ్మను. ఆయన్ని నేను ఒకటి అడగాల” అంది అశ్విత.

ఆదివారం వాళ్ళు వచ్చారు. పవన్ నన్ను చూస్తూనే, “మీరా పెద్దాయనా!” అన్నాడు. శీనయ్య నోరు తెరిచాడు. కాఫీలయ్యాక అశ్విత అందరి ముందే అడిగేసింది.

“తల్లి చనిపోయినప్పుడు మీరెందుకు ఏడవలేదు?”

పిల్లవాడు తల గోక్కున్నాడు.

“కళ్ళల్లో నీళ్ళుంటే తెర కనపడదు కదండీ. ఆ పిల్ల బతుకుతుందో లేదో చూడాల కదా. బతికినాక ఇంక ఆగలేకపోయినా.”

అశ్విత కిందికి చూసింది. కళ్ళు తుడుచుకుందో, జడ సర్దుకుందో నాకు సరిగా కనపడలేదు.

“మా పిల్లలకి ఆ కథ చెప్పాలనుకుంటుండా. మీరు మా బడికొచ్చి చెబుతారా?”

“చెప్పలేనండీ. మధ్యలో ఏడ్చేస్తా.”

“ఏడవండి. మిగతాది నేను చెబుతా.”

శీనయ్య నా చెవి దగ్గరికి వంగాడు. “ఏందన్నా ఇది, పెళ్ళిచూపులా, బడి తనిఖీనా? వాళ్ళకి ఏం చెప్పమంటావు?”

“తాంబూలాలు ఎప్పుడు మార్చుకుందామో అడుగు” అన్నాను. “శనివారం మటుకు వద్దు.”